ఇరవయ్యారు డిగ్రీల నూనె

హైదరాబాదు శివార్లలో ఉష్ణసహ తైల పరిశోధనా కేంద్రం అని ఒక సర్కారు సంస్థ ఉంది. జెట్ ఇంజన్లలో పోసే నూనె తయారుచేయడం దాని పని. జెట్ ఇంజన్ లోపలి వేడికి మామూలు నూనె కాసేపట్లో మాడి పెళ్ళలు కడుతుంది. పెళ్ళలు కడితే బేరింగు బిగుసుకుంటుంది, బేరింగు బిగుసుకుంటే ఇంజను ఆగిపోతుంది. ఆగితే పక్కకి తీసి మెకానిక్కుకి ఫోన్ చేద్దామంటే ఆకాశంలో రోడ్డూ ఉండదు, పక్కా ఉండదు. అందుకని ఎంత వేడికీ మాడని సింథటిక్ నూనె ఒకటి కావాలి. సంస్థ గేటు మీద కూడా మండుతున్న జ్వాల బొమ్మ, దాని మధ్యలో చలించని నూనె బొట్టు ఉంటాయి.

ఆ బొట్టు బాధ్యత డాక్టర్ వకుళది. పెళ్ళికి పిలిచినా పేరంటానికి పిలిచినా చేతులకు నూనె వాసనతోనే వెళ్ళే మనిషి. ఆమె చేసిన ఐదు నూనెలు ఒకదాని తర్వాత ఒకటి మాడాయి. ఆరోది మాత్రం గంటల తరబడి కాచినా తేనెరంగులో అలాగే నిలబడింది. ఇక ల్యాబులో ఒక్క పరీక్షే మిగిలింది. నూనెని ఓవెన్‌లో పెట్టి రోజుల తరబడి కాచి, అప్పటికీ మాడలేదంటే విమానం దాకా పంపవచ్చు.

ఆ విమానం నడపవలసినవాడు విమానాల శిక్షణ కేంద్రంలో పనిచేసే స్క్వాడ్రన్ లీడర్ సన్యాసినాయుడు. విజయనగరం వైపు మనిషి. ఒకసారి ల్యాబుకి వచ్చి ఆరో నంబరు నూనెని సీసాలో అటూ ఇటూ ఊపి చూశాడు.

"మాడిపోదు కదండీ మేడంగారూ? మొన్ననే నాకు కూతురు పుట్టిందండి" అన్నాడు.

"చూసి చెప్తాను బాబూ. చూడకుండా మాత్రం చెప్పను" అంది వకుళ.

ఆమె చూసేలోపు పైనుంచి సర్క్యులరు దిగింది. దేశంలోని సర్కారు సంస్థలన్నిటినీ చల్లబరిచే 'శీతల ప్రాంగణ మహోద్యమం' మొదలయింది. అన్నిటికన్నా చల్లగా ఉన్న సంస్థకి హిమశిఖర పురస్కారం ఇస్తారట. డైరెక్టరు డాక్టర్ సచ్చిదానందమూర్తి సిబ్బందినంతా ఆడిటోరియంలో కూర్చోబెట్టాడు. ఆయనకి పురస్కారాలంటే చీమకి బెల్లమంత ఇష్టం.

"మిత్రులారా! భూగోళం వేడెక్కుతోంది. ఇందులో మన వాటా ఎంత అని మనం ఆత్మపరిశీలన చేసుకోవాలి. ఇకమీదట మన ప్రాంగణంలో ఏ వస్తువూ, ఏ పదార్థమూ, ఏ పరిస్థితిలోనూ ఇరవయ్యారు డిగ్రీలు దాటరాదు. ఈ మహత్తర లక్ష్యసాధనలో మనం దేశానికే దిక్సూచిగా నిలుస్తాం!"

మే నెల. బయట రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. ఆడిటోరియంలో చప్పట్లు మోగాయి.

స్టోర్సు చూసే బలరామయ్యని ప్రాంగణ శీతలీకరణ నోడల్ అధికారిగా నియమించారు. ఆయన కరోనా కాలంలో కొన్న పిస్తోలు థర్మామీటరుని బీరువాలోంచి తీసి, మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి నుదుటికీ గురిపెట్టాడు. అందరూ ముప్ఫయ్యారు దాటినవాళ్ళే. అందరికీ మెమోలు వెళ్ళాయి. అందరూ 'ఇకపై శ్రద్ధ వహించగలము' అని సంజాయిషీలు రాశారు. చివరికి డైరెక్టరు నుదురు కూడా ముప్ఫయ్యారే చూపించేసరికి ఒక కమిటీ కూర్చుని, ఉద్యోగులు సంస్థకు చెందిన వస్తువులు కారని తేల్చింది. ఉద్యోగులు ఊపిరి పీల్చుకున్నారు. సీనియర్లు కొందరు మాత్రం, ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత ఈ మాట వినాల్సి వచ్చిందే అని నొచ్చుకున్నారు.

ఆ తర్వాత ఏసీల సంగతి వచ్చింది. ఏసీ గదిని చల్లబరిచి బయటికి వేడిగాలి వదులుతుంది కదా. ఆ పెట్టెలన్నీ ప్రహరీగోడ అవతలికి, పక్కనున్న ఫంక్షన్ హాలు వైపు తిప్పారు. అక్కడ ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు సొమ్మసిల్లి పడిపోయారని విన్నారు గానీ, ఫంక్షన్ హాలు మన ప్రాంగణంలోకి రాదు.

క్యాంటీన్‌కి కూడా అదే రూలు పెట్టారు. చల్లటి ఇడ్లీ, చల్లటి సాంబారు, చల్లటి టీ. జనం కక్కలేక మింగలేక ఊరుకున్నారు. అయితే రోజూ సాయంత్రం నాలుగింటికి డైరెక్టరు గదిలోకి ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు వెళ్ళడం రివాజు. ఆ రోజు చల్లారి మెత్తబడ్డ బజ్జీలు వెళ్ళాయి. ఆయన ఒక్కటి కొరికి, మిగతావాటి వైపు చాలాసేపు బాధగా చూశాడు. మర్నాటికల్లా క్యాంటీన్ చుట్టూ పసుపు గీత గీశారు. గీత లోపలిది ప్రాంగణంలో ఉన్నా ప్రాంగణంలో భాగం కాదని ఉత్తర్వు వచ్చింది. అక్కడ ఎంత మండినా సంస్థకి తెలియనట్టే లెక్క.

ల్యాబుకి అటువంటి అదృష్టం పట్టలేదు. బలరామయ్య వచ్చి వకుళ ఓవెన్లన్నిటికీ సీలు వేశాడు. లక్క ముద్ర వేద్దామంటే లక్క కరిగించాలి, కరిగించాలంటే వేడి కావాలి. అందుకని జిగురుతో కాగితాలు అంటించి సంతకం పెట్టాడు.

వకుళ డైరెక్టరు గదికి వెళ్ళింది.

"సార్, మనది వేడికి ఆగే నూనె. వేడి చేయకపోతే ఆగుతుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మేడం, ఈ అంశాన్ని మీరు సమగ్ర దృక్పథంతో చూడటం లేదు" అన్నాడాయన. "వేడికి ఆగే నూనెనే కదా మీరు తయారుచేసింది?"

"అవును సార్."

"మరి ఆగే నూనెని మళ్ళీ వేడిచేసి చూడటం ఎందుకు? అనుమానం ఉంటేనే పరీక్ష. మీకు మీ నూనె మీద అనుమానమా?"

వకుళకి నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు. అనుమానం ఉంది అంటే అసమర్థురాలు. లేదు అంటే పరీక్ష అక్కర్లేదు. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి.

"పరీక్ష అసలే వద్దని నేననడం లేదు" అని డైరెక్టరు దయతలిచాడు. "శీతల విధానంలో ఉష్ణసహన పరీక్ష చేద్దాం. ప్రపంచంలో ఇదే మొదటిసారి అవుతుంది."

అలా ఆ ప్రపంచ ప్రప్రథమ పరీక్ష జరిగింది. ఏసీ గదిలో బల్ల మీద ఏడు గిన్నెలు పెట్టారు. మాడిపోయిన పాత నూనెలు ఐదు, వకుళ ఆరో నంబరు ఒకటి. నూనె పరీక్షల్లో ఒక ఆనవాయితీ ఉంది. తప్పక మాడే నూనెని కూడా ఒక గిన్నెలో పోసి పక్కన పెడతారు. అది మాడితేనే పరీక్ష సవ్యంగా జరిగినట్టు. టెక్నీషియన్ జహంగీర్ ఎప్పటిలాగే క్యాంటీన్‌కి వెళ్ళి గరిటెడు పల్లీనూనె తెచ్చి ఏడో గిన్నెలో పోశాడు.

ఏడు గిన్నెలూ ఇరవయ్యారు డిగ్రీల దగ్గర వారం రోజులు హాయిగా కూర్చున్నాయి. ఒక్కటీ మాడలేదు. ఏళ్ళ తరబడి వకుళని ఏడిపించిన ఐదు నూనెలూ ఒక్క దెబ్బతో గట్టెక్కాయి. సంస్థ చరిత్రలో నూటికి నూరు శాతం ఫలితాలు రావడం అదే మొదలు. డైరెక్టరు స్వీట్లు పంచాడు. ఇక వీటిలో ఉత్తమమైనదాన్ని ఎంచడానికి కమిటీ వేశారు. కమిటీవాళ్ళు నూనెల్ని వెలుతురుకి పట్టి చూశారు, ధారగా ఒంపి చూశారు, వాసన చూశారు. చల్లదనానికి ఆరో నంబరు నూనె చిక్కగా, మొండిగా ఉంది, వాసన కూడా ఘాటు. దానికి అట్టడుగు స్థానం దక్కింది. నిర్మలంగా, ధారాళంగా, కమ్మగా ఉందని ఏడో గిన్నెకి ప్రథమ స్థానం ఇచ్చారు.

జహంగీర్ గిన్నెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "సార్, గది పల్లీనూనె సార్! మాడాలెననే వెట్టినం!"

"మాడిందా?" అని డైరెక్టరు అడిగాడు.

"లే సార్."

"మరి?"

మర్నాడు పత్రికల్లో వచ్చింది: 'వేయించుకోవడానికీ ఎగరడానికీ ఒకే నూనె. స్వదేశీ విజ్ఞానం సాధించిన ఘనత'. కింద డైరెక్టరు ఫొటో, చేతిలో గిన్నె.

వకుళకి ఒక్క ఆశ మిగిలింది. విమానంలో పోసేముందు ఇంజన్ల పరీక్షా సంస్థవాళ్ళు నేలమీద బిగించిన ఇంజనులో పోసి నడిపి చూస్తారు. అక్కడ మాడి తీరుతుంది. అక్కడి స్నేహితురాలికి ఫోన్ చేసింది.

"అయిపోయిందే వకుళా! మాకూ అదే ఉద్యమం కదా. ఇంజను వెలిగించకుండా నలుగురం కలిసి చేత్తో నాలుగు చుట్లు తిప్పాం. బ్రహ్మాండంగా తిరిగింది. పాస్ చేసి పంపించేశాం" అందావిడ. "నూనె మాత్రం భలే కమ్మగా ఉందే. మాక్కూడా ఓ డబ్బా పంపు."

వకుళ ఫోన్ పెట్టేసింది. ఇక మిగిలింది విమానాల శిక్షణ కేంద్రం ఒక్కటే. వాళ్ళది వేరే శాఖ, ఉద్యమం అక్కడిదాకా ఇంకా రాలేదు. అక్కడ ఇంకా ఇంజన్లు వెలిగించే పాత అలవాటు పోలేదు. అంటే పల్లీనూనె మొదటిసారి నిప్పు చూసేది సన్యాసినాయుడు సీట్లో కూర్చున్నాకే. మొన్న పుట్టిన ఆ పిల్ల, మొహం కూడా తెలియని ఆ పసిపిల్ల, ఆమె కళ్ళముందు మెదిలింది. ఆమెకి భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆరో నంబరు సీసా ఒక చేత్తో, పల్లీనూనె సీసా ఒక చేత్తో పట్టుకుని పసుపు గీత దాటింది.

క్యాంటీన్ ఎల్లమందది. నరసరావుపేట నుంచి వచ్చి కాంట్రాక్టు పట్టినవాడు. ఆమధ్యే రొట్టెల కోసం మట్టి తందూరు కట్టించాడు. బొగ్గులు రాజేస్తే జెట్ ఇంజనుకేం తీసిపోదు.

"ఎల్లమందా, మధ్యాహ్నం రొట్టెలయ్యాక నీ తందూరు నాకియ్యాలి. రోజూ."

"ఏందమ్మా, రొట్టెలేసుకుంటారా?"

"నూనె కాచుకుంటాను."

ఎల్లమంద అనుమానంగా చూశాడు. "మా రొట్టెలకి మీ నూనె వాసనొచ్చుద్దేమోనమ్మా. ఇప్పటికే చల్లారిన టీ తాగించానని జనం నన్ను తిడతన్నారు."

"వాసనొస్తే నా పేరు చెప్పు" అంది వకుళ.

రెండు ఇనప గిన్నెలు తందూరులోకి దిగాయి. పల్లీనూనె మొదటిరోజే పొగ కక్కి, బుసబుసమని, చివరికి గరిటెతో గీకినా రాని నల్లటి జిగురై కూర్చుంది. ఆరో నంబరు నూనె రోజు తర్వాత రోజు కాగింది. జహంగీర్ పక్కన కూర్చుని విసనకర్రతో బొగ్గులు రాజేస్తూ, "మేడం, పీహెచ్‌డీ జేసింది గిందుకేనా?" అని అడిగేవాడు. "ఇందుకే" అనేది వకుళ. నూనె తేనెరంగు నుంచి టీ డికాక్షన్ రంగులోకి దిగింది గానీ, ఒంపితే సన్నగా ధార కట్టింది. గిన్నె అడుగున ఒక్క పెళ్ళ లేదు. ఆఖరి రోజున వకుళ క్యాంటీన్ బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. ఎల్లమంద గాభరాపడి వేడి టీ తెచ్చిపెట్టాడు.

రెండు గిన్నెలూ పట్టుకుని డైరెక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన వాటిని తాకను కూడా తాకలేదు.

"క్యాంటీన్ మన ప్రాంగణంలో భాగం కాదు మేడం. అక్కడ జరిగిన పరీక్షని సంస్థ గుర్తించజాలదు. పైగా కమిటీ ప్రథమ స్థానం ప్రకటించాక దాన్ని వెనక్కి తీసుకునే సంప్రదాయం మనకు లేదు."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు చూపించి లాభం లేదు. అతన్ని ఆ కుందేలు మీదే ఎక్కించాలి. వకుళ ల్యాబుకి వచ్చి సన్యాసినాయుడికి ఫోన్ చేసింది.

"నూనె వచ్చేస్తందటండీ మేడంగారూ! పేపర్లో చూసినాం. మాడిపోదు కదండీ?"

"నా సంగతి వదిలెయ్యి బాబూ. మా డైరెక్టరుగారికైతే రవ్వంత అనుమానం లేదు" అంది వకుళ నెమ్మదిగా. "అవునూ, కొత్త నూనె పోసిన మొదటి విమానంలో వెనక సీట్లో ఆ నూనె తాలూకు పెద్దమనిషి కూర్చోవాలని మీకేదో ఆనవాయితీ ఉంది కదూ?"

సన్యాసినాయుడు విమానాలు నడిపేవాడు గనక గాలి ఎటు వీస్తోందో తొందరగానే పట్టేశాడు.

"ఉందండి, ఉందండి. అంత నమ్మకం ఉన్న సారుని కూకోబెట్టకపోతే మాకే తప్పండి" అన్నాడు.

రెండు రోజుల్లో శిక్షణ కేంద్రం నుంచి ఆహ్వానం వచ్చింది. ప్రథమ విహారంలో వెనక సీటుని డైరెక్టరుగారు స్వయంగా అలంకరించి తమను ధన్యులను చేయాలని. హెల్మెట్టు కోసం తల కొలత కూడా పంపమన్నారు. సంస్థంతా పొంగిపోయింది. బలరామయ్య పూలదండ పట్టుకొచ్చాడు. డైరెక్టరు దండ వేయించుకున్నాడు గానీ, ఆ వెంటనే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ సాయంత్రం బజ్జీల ప్లేటు ముట్టకుండా వెనక్కి వచ్చింది. దాని వెనకే డైరెక్టరు కూడా వచ్చాడు. అటూ ఇటూ చూసి, పసుపు గీత దాటి, తందూరు దగ్గర గిన్నెతో కూర్చున్న వకుళ పక్కన నిలబడ్డాడు. చేతిలో చిన్న స్టీలు డబ్బా ఉంది.

"తందూరు ఖాళీయేనా మేడం?"

"అనుమానం ఉంటేనే కదా సార్ పరీక్ష?"

"అనుమానం కాదమ్మా" అన్నాడాయన. "జిజ్ఞాస."

ప్రథమ స్థానం పొందిన నూనెని స్టీలు డబ్బాతో సహా తందూరులోకి దించారు. కాసేపటికే డబ్బా మీద పొగలు లేచాయి. పొగ చూరుకి కొట్టుకుని క్యాంటీనంతా కమ్ముకుంది. బయట క్యూలో నిలబడ్డవాళ్ళు దగ్గుతూ పారిపోయారు. పట్టుకారుతో డబ్బా పైకి తీసేసరికి లోపల నల్లటి అట్ట కట్టి ఉంది. డైరెక్టరు చెంచాతో దాన్ని గీకబోయాడు, చెంచా వంగింది. ఆ వంగిన చెంచాలో ఆయనకి వెనక సీటు, హెల్మెట్టు, ఆకాశం అన్నీ కనిపించినట్టున్నాయి, అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏందమ్మా ఇది! రేపు నా రొట్టెలు ఎవరు తింటారు?" అని ఎల్లమంద నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

డైరెక్టరుకి ఆ గోల వినపడలేదు. "ఆరో నంబరు?" అని అడిగాడు. వకుళ తన గిన్నె ఒంపి చూపించింది. ధార సన్నగా జారింది. ఆయన ఆ ధారని కన్నార్పకుండా చూశాడు.

మనిషికి ప్రాణం తీపి, అధికారికి ప్రతిష్ఠ తీపి. రెండూ దక్కాలంటే తెలివి కావాలి. ఆ తెలివి ఆయనకి ఉంది. మర్నాడు కమిటీ మళ్ళీ కూర్చుంది. ప్రథమ స్థానం పొందిన నూనె జాతీయ సంపద గనుక దాన్ని విమానాల్లో పోసి వృథా చేయరాదనీ, అద్దాల పెట్టెలో భద్రపరచాలనీ తీర్మానించింది. ఇక అట్టడుగున నిలిచిన ఆరో నంబరు నూనె నిరుత్సాహపడకుండా, కన్సొలేషన్ బహుమతిగా దానికి విమానయాన అవకాశం కల్పించింది. పల్లీనూనె డబ్బాలన్నీ వెనక్కి వచ్చాయి. ఆరో నంబరు డబ్బాలు శిక్షణ కేంద్రానికి వెళ్ళాయి. వెనక సీటు విషయం కూడా డైరెక్టరే ఆలోచించాడు.

"మహిళా సాధికారతకి మన సంస్థ కట్టుబడి ఉంది మేడం. ఈ గౌరవం నేను త్యాగం చేస్తున్నాను. మీరు వెళ్ళండి. పైగా అదే రోజు నాకు హిమశిఖర పురస్కారం తీసుకునే కార్యక్రమం ఉంది."

ఆ రోజు రానే వచ్చింది. ఢిల్లీలో వేదిక మీద డైరెక్టరు మంచుకొండ ఆకారంలో ఉన్న గాజు బొమ్మని అందుకుని, నూనెని ఒక్క డిగ్రీ కూడా వేడిచేయకుండా ఉష్ణసహ నూనె సాధించిన ఏకైక దేశం మనదని ప్రసంగించాడు. అదే వేళకి వకుళ, తలకి కాస్త పెద్దదైన హెల్మెట్టుతో, శిక్షణ విమానం వెనక సీట్లో పట్టీలు బిగించుకుని కూర్చుంది. సన్యాసినాయుడు ముందు సీట్లోంచి తల తిప్పి చూశాడు.

"మాడిపోదు కదండీ మేడంగారూ?"

"చూశాను బాబూ. మాడదు" అంది వకుళ.

అతను ముందుకి తిరిగాడు. ఇంజను వెలిగింది. నేలమీద చాలాసేపు నడిపి చూసుకుని, తృప్తిపడ్డాకే పైకి లేపాడు. పొలాలు, చెరువులు, ఎక్కడో మెరిసే రేకుల కప్పులు కిందికి జారిపోయాయి. వకుళ ఏదీ చూడలేదు. ఎదురుగా నూనె వేడి చూపించే చిన్న గడిలోనే ఆమె ప్రాణమంతా ఉంది. ఇరవయ్యారు దాటింది. యాభై దాటింది. నూరు దాటి, నూట యాభై దాటి, ఇంకా ఎక్కుతోంది. ఆమె కళ్ళు తడిశాయి. హెల్మెట్టు అద్దం అడ్డం వచ్చి తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"మేడంగారూ, నూనె బాగా వేడెక్కతందండి!" అని ముందు నుంచి అరిచాడు సన్యాసినాయుడు. "పర్లేదేటండీ?"

"ఎక్కనీ నాయనా, ఎక్కనీ" అంది వకుళ. "వేడి చూసి ఎన్నాళ్ళయిందో!"